అప్పన్నకి ఇయ్యొద్దు

ఆదివారం పొద్దున్న
పూర్ణా మార్కెట్టు వెనక సందులో
ఉల్లిపాయల గోనెల పక్కన
బరాటం లోకనాథం పాత గొడుగు గుడ్డ పరుస్తాడు.
దాని మీద రాజులూ, రాణీ, మూడు సింహాలూ
అందరిదీ ఒకటే కుప్ప.
"ఏదైనా పదే, ఏరుకో బాబూ."
గొంతుక్కూచుంటాను.
మోకాళ్ళు పోర్టు తూనికకాటా దగ్గరే అరిగిపోయాయి,
అయినా కూచుంటాను.

గడియారాల షాపువాడి భూతద్దం కంటికి బిగించి
ఏడాది అంకె కింద వెతుకుతాను.
చుక్క ఉంటే బొంబాయి.
నక్షత్రమైతే హైదరాబాదు.
ఏ గుర్తూ లేకపోతే కలకత్తా,
పెద్దింటి మనిషి పేరు చెప్పుకోనట్టు.
మా ఊరికి టంకశాల లేదు.
అయినా ఇక్కడ పదేళ్ళు తిరిగిన రాగిని
చీకట్లో తడిమి చెప్పగలను:
సముద్రం దాని అంచు కొరికి ఉంటుంది,
పచ్చటి చిలుం
రాజుగారి చెవిలోంచి మొలుచుకొస్తుంటుంది.
అదే మా ముద్ర.
ఉప్పు.

చెప్పుల పెట్టెల్లో వచ్చే తెల్లగుళికల పొట్లాలు
డబ్బా నిండా కుక్కినా
వానాకాలం లోపలికి వచ్చేస్తుంది.

తోమకూడదు. మొదటి పాఠం అది.
మా ఆవిడ పేరు వరహాలు
(నీ దగ్గరున్న బంగారం నేనొక్కదాన్నే అంటుంది).
ఓ దీపావళికి ఇత్తడి చెంబులతో పాటు
నా అణాలకీ చింతపండు పట్టించింది.
ఎనభై ఏళ్ళ మసకంతా
గట్టు మీద నల్లనీళ్ళై కారిపోయింది.
"మెరుస్తున్నాయి కదేటి?"
మెరుస్తున్నాయి.
అంతకుముందు చూసేవి.

చిల్లు కానీ ఒకటి మాత్రం జేబులోనే ఉంటుంది.
బీచి ఇసకలో నిలబడి దాంట్లోంచి చూస్తే
డాల్ఫిన్ నోస్ కొండ
లైట్‌హౌస్‌తో సహా సరిగ్గా పడుతుంది.
యుద్ధంలో లోహం చాలక నడుమ తీసేశారట.
ఆ తీసిన రాగి
ఎవరి ఒంట్లో దిగిందో.

కాగితాల సంగతి వేరు.
పొడుగునా మడత ఉంటే
బస్సు కండక్టరు వేళ్ళ సందు.
చుట్ట చుట్టిన వంపుంటే ఆడమనిషి రొండి.
చేప వాసన ఎన్నేళ్ళకీ పోదు,
పోవాలని నేనూ కోరుకోను.

ఆ వేళ దొరికింది
రెండు రూపాయల నోటు.
వెనక ఆర్యభట్ట ఉపగ్రహం.
ముందు, నీటిగుర్తు ఉండే తెల్లటి చోట
నీలం రీఫిలుతో, ఒత్తి ఒత్తి,
గుణింతం తడబడుతూ
"అప్పన్నకి ఇయ్యొద్దు."

లోకనాథం పెదవి విరిచాడు.
"రాత నోటు. ఎవడూ కొనడు. ఊరికే అట్టుకుపో."
ఊరికే తీసుకోలేదు. రెండు రూపాయలిచ్చాను.
దాని మీద అంతే ఉంది,
ఇస్తామని సంతకం కూడా ఉంది.

ఎవరీ అప్పన్న?
జ్ఞానాపురంలో కేకేస్తే
సందుకి ఇద్దరు తిరిగి చూస్తారు.
సారా కొట్టు దారి తెలిసిన మొగుడా?
వడ్డీ కోసం గుమ్మంలో బైఠాయించేవాడా?
వరహాలు దీపం ఒత్తి ఎగదోస్తూ అంది:
"కొండ మీద అప్పన్నేమో.
ముడుపు కట్టినాక బియ్యం నిండుకుంటే
హుండీలో వెయ్యొద్దని
పిల్లకి రాసిచ్చిందేమో ఏ తల్లో."
అని, తనే లెంపలేసుకుంది.

భూతద్దంతో మళ్ళీ చూశాను.
ఎనిమిది మడతలు.
చిన్న గుప్పిట్లో పట్టేటన్ని.
నోటైతే ఖర్చయింది, లేకపోతే నా దాకా రాదు.
ఎవరికిచ్చారో
ఏ మడతలోనూ లేదు.

మొన్న కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడు
మంచినీళ్ళు తాగుతూ ఆల్బం తిరగేసి
ఆ పేజీ దగ్గర ఆగి నవ్వాడు.
"నా పేరూ అదే తాతా. మా ముత్తాతది పెట్టారు."
చెయ్యి చాపాడు,
పాపం, చూడ్డానికే.
నేను ఆల్బం మూసేశాను.